ఛాతీ దగ్గరి ఖాళీ

వీపుకు పురుగుమందు పంపు తగిలించుకున్న మనిషి కనిపిస్తే నాకు ఒక చరిత్ర లెక్చరర్ గుర్తొస్తాడు. మొన్న కరీంనగర్ బస్టాండు బయట అలాంటి మనిషి ఒకాయన కనిపించాడు. పత్తికి మందు కొట్టడానికి కొత్త పంపు కొన్నట్టున్నాడు. చేతిలో పట్టుకోవడం ఇబ్బందని వీపుకే వేసుకుని చొప్పదండి బస్సు కోసం నిలబడ్డాడు. పొట్టి మనిషి. వెనుక నుంచి అచ్చం ఆయనే. నేను గబగబా ముందుకు వెళ్లి ముఖం చూసి వచ్చాను. చచ్చినవాళ్లు తిరిగి రారని జీవితమంతా వేదికలెక్కి చెప్పినవాణ్ని. ఆయన పోయి ఏడాది దాటిందని తెలిసినవాణ్ని. అయినా చూసి వచ్చాను.

చూసి ఊరుకోలేదు. అదే బస్సు ఎక్కాను. ఎక్కి ఏం చూశానో చివర చెప్తాను. ముందు ఆ పంపు సంగతి చెప్పాలి.

ఆయన పంపులో మందు ఉండేది కాదు. ఉత్త బావినీళ్లు. సెలవు రోజు పొద్దున్నే ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పంపు వీపుకేసుకుని, ఎడమ చేత్తో పిడి ఆడిస్తూ కుడి చేత్తో తన చేనులోని ఒక మట్టి దిమ్మెకు నీళ్లు కొట్టేవాడు. చుట్టుపక్కల చేన్లలో కలుపు తీసేవాళ్లకు అదొక తమాషా.

"ఏం సారూ, శాతవాహనులకు పురుగు వట్టిందా?" అని కేకేసేవారు.

"పురుగు వట్టలే. దూపైతుందట, నీళ్లు తాగిస్తున్న" అనేవాడు వెనక్కి తిరగకుండానే.

ఎండిన మట్టి అంతా ఒకటే రంగులో ఉంటుంది. ఎంత కళ్లు చించుకున్నా ఏమీ కనిపించదు. సన్నటి తుంపర పడితే మాత్రం పొరలు విడిపోతాయి. నల్లది నల్లగా, ఎర్రది ఎర్రగా, బూడిద పట్టె తెల్లగా తేలుతుంది. ఎండ మళ్లీ పీల్చేసేదాకా, కాసేపే. ఆ కాసేపట్లోనే ఆయన పాఠం. కాలేజీలో గంట కొట్టినా తొందరపడని మనిషి ఇక్కడ మాత్రం "సూడుండ్రి, జర దగ్గరికొచ్చి సూడుండ్రి, ఆరిపోతుంది" అని వెంట తెచ్చిన కాలేజీ పిల్లల్ని భుజాలు పట్టి ముందుకు నెట్టేవాడు.

చొప్పదండి దాటాక రోడ్డు దిగి రెండు చేన్లు నడిస్తే వాళ్ల భూమి వస్తుంది. అందులో ఒకప్పుడు పెద్ద పాటిగడ్డ ఉండేదట. పాత ఊరు ఉండి, పోయి, మన్నైపోయిన దిబ్బను మా వైపు పాటిగడ్డ అంటారు. ఎన్ని తరాల పొయ్యి బూడిదో, ఎంత పేడో, ఎన్ని ఎముకలో కలిసి ఆ మన్ను మంచి సారంతో ఉంటుంది. అందుకే ఎండాకాలంలో దాన్ని తవ్వి చేన్లకు తోలుకోవడం మా రైతులకు అలవాటు. మొదట బండ్ల మీద తోలారు, తర్వాత ట్రాక్టర్ల మీద. అరచేతి వెడల్పంత మందం ఇటుకలు, శంఖు గాజుల ముక్కలు, పూసలు, చిల్లపెంకులు అన్నీ అలా వెళ్లి మక్క చేన్లలో కలిసిపోయాయి. మన ప్రాచీన వైభవం గురించి ఎవరైనా మీసం మెలేస్తే ఆయన ఈ సంగతే ఎత్తేవాడు.

"మా బాపు శాతవాహనులను తోలి మక్క పండించిండు. నేను గా మక్కగారెలు తిని పెరిగిన. నాకంటె దగ్గరి వారసుడు ఎవడన్న ఉంటె రమ్మనుండ్రి."

ఆ దిమ్మె ఎలా మిగిలిందంటే, చెరువు పూడిక తీసేటప్పుడు ఎంత లోతు తవ్వారో తెలియడానికి నడుమ కాస్త మట్టిని తవ్వకుండా నిలువుగా వదిలేస్తారు. కొలతలయ్యాక దాన్నీ తీసేస్తారు. కాలేజీ చదువుకునే రోజుల్లో ఈయన పాటిగడ్డలో అలాంటిదొకటి వదలమని తండ్రిని అడిగాడట. ఏదో ముచ్చటపడుతున్నాడని తండ్రి వదిలాడు. దాన్ని కూడా తీసేసే రోజు వచ్చినప్పుడు ఈయన వెళ్లి దాని ముందు కూర్చుని లేవలేదు. తండ్రి పోయాక భూమి పంచుకున్నప్పుడు నీళ్లుపారే మడి తమ్ముడికి వదిలేసి, దిమ్మె ఉన్న, వాన మీదే పండే చెలక తాను తీసుకున్నాడు. మస్కట్‌లో పనిచేసి వచ్చిన ఆ తమ్ముడు "మా అన్న మన్ను గోరుకొని నాకు నీళ్లు ఇడిసిండు" అని ఊరంతా చెప్పుకుని నవ్వాడు. వెక్కిరింపు కాదది. అన్న అంటే అతనికి ప్రాణం. ఆ ప్రాణమే తర్వాత ఏం చేసిందో చెప్తాను.

దిమ్మెకు కాపలా ఆయనదే కానీ, కాపాడింది మా వదినె. ఆయన్ని నేను అన్నా అనేవాణ్ని కనుక ఆవిడ నాకు వదినె. మబ్బుపట్టి మొగులైతే చాలు, పొయ్యి మీద కూర ఉన్నా దించేసి, వడ్లు ఆరబోసే టార్పాలిన్ పట్టుకుని చేనుకు ఉరికేది. దిమ్మె చుట్టూ కప్పి తాళ్లతో కట్టేది. వాన వెలిశాక మళ్లీ విప్పేది. "నా పెండ్లినాడు ఈ సవతి సంగతి ఎవ్వలు చెప్పలే" అనేది. ఆ మాట ఆమె ఎన్నిసార్లు అన్నా ఆయన మొదటిసారి విన్నట్టే సిగ్గుపడేవాడు.

దిమ్మె మనిషెత్తు కంటే కాస్త ఎక్కువ. ఆయన దానికి వీపు ఆనించి నిలబడి, తన ఒంటి మీదే రాజ్యాలను చూపించేవాడు.

"పాదాల కాడ ఎవ్వలు లేరు, ఉత్త మొరం. మోకాలు దాక నలుపు ఎరుపు కుండలు చేసినోళ్లు. వాళ్ల పేరు తెల్వదు, రాజు తెల్వదు. ఇనుము కరగవెట్టిన్రు, గంతే తెల్సు. మోకాలుకెల్లి బొడ్డు మీది దాక శాతవాహనులు. గీ గొంతు కాడ సన్నగ గీత లెక్క ఉన్నది సూడు, కాకతీయులు. నెత్తి మీద నిజాం. నిజాం మీద మనం, మన గుట్కా కవర్లు."

కాకతీయులు గొంతు దగ్గర సన్నటి గీతేనా అని పిల్లలు నవ్వేవారు. పుస్తకంలో అన్ని పేజీలున్నవాళ్లు కదా. అప్పుడు ఆయన చెయ్యి మళ్లీ కిందికి దిగేది. బొడ్డు మీద నుంచి అరచేతిని ఛాతీ మీదుగా నెమ్మదిగా పైకి జరిపి, ఒక చోట ఆపేవాడు.

"గీడికెల్లి గీడి దాక" అనేవాడు. "ఎవ్వలు లేరు."

నవ్వు ఆగిపోయేది.

ఆ ఖాళీ పొర ఆయన జబ్బు. శాతవాహనుల పొర మీద ఆయన గంటసేపు మాట్లాడగలడు. కానీ మనసంతా ఆ పైన ఉన్న ఖాళీలోనే ఉండేది. అందులో చిల్లపెంకు లేదు, బొగ్గు లేదు, పూస లేదు. గాలికి కొట్టుకొచ్చిన దుమ్ము, వానలకు పేరుకున్న ఒండు, గడ్డివేర్ల జాడలు. ఎన్నేళ్ల దుమ్ము అంటే ఆయన చెప్పేవాడు కాదు. "తెల్వదు" అనేవాడు. మా వైపు మేధావులు ఎవరి నోటా నేను అంత తేలిగ్గా ఆ మాట వినలేదు.

"పుస్తకంల ఒకడు లేవంగనే ఇంకొకడు కూసుంటడు తమ్మీ, బస్సుల సీటు లెక్క. శాతవాహనులు దిగిన్రు, ఇక్ష్వాకులు ఎక్కిన్రు. వాళ్లు దిగంగనే విష్ణుకుండినులు. చాళుక్యులైతే కిటికీలకెల్లి దస్తీ ఏసి ఆపుకున్నరు. అన్ని సీట్లు నిండుగనే ఉంటయి. మరి గీ మన్నుల సీటు ఖాళీగ ఉన్నది. సీటు కాదు, బస్సే లేదు."

"రాజధాని ఇంకోచోటికి మారి ఉంటుంది. శాసనాలు వేరే ఊళ్లలో దొరికాయి కదా" అన్నాను నేనొకసారి.

"రాజధాని పోయింది సరే. కుమ్మరోడు ఎటు పోయిండు?"

దానికి జవాబు ఆయన దగ్గరా లేదు. జవాబు లేని ప్రశ్నను ఇంట్లో పెట్టుకుని, దానికి నీళ్లు కొడుతూ బతికే మనుషులుంటారని నాకు ఆయన్ని చూసేదాకా తెలియదు. నేను వేరే తరహా. ప్రశ్న వేస్తే జవాబు కోసమే వేస్తాను. జవాబు దొరికితే దాన్ని పట్టుకుని ఎవరినో ఒకరిని కొట్టాలనుకుంటాను. మూఢనమ్మకాల మీద యుద్ధం చేసేవాడికి అంతకంటే వేరే దారి లేదని నా నమ్మకం.

ఆ ఖాళీ ఆయన్ని ఎందుకంత పీడిస్తుందో నాకు కొంత తెలిసింది ఒక్కసారే. ఆయన కొన్నేళ్లు కాగజ్‌నగర్‌లో పనిచేశాడు. పేపరు మిల్లు మూతపడ్డప్పుడు అక్కడే ఉన్నాడు. ఓ సాయంత్రం దిమ్మె పక్కన గట్టు మీద కూర్చుని ఆ సంగతి చెప్పాడు.

"సామ్రాజ్యం కూలుడంటే యుద్ధం, మంటలు అనుకుంటం. నేను కండ్లార సూసిన తమ్మీ. ఏం కూలలే, ఏం కాలలే. పొద్దుగాల సైరన్ మోగలే, గంతే. మొదాలు టిఫిన్ బండి పోయింది. ఎన్కనే కటింగ్ షాపు. తర్వాత ట్యూషన్ చెప్పే పంతులు. క్వార్టర్లు ఎవ్వలు పలగ్గొట్టలే. మంచిగ ఊడ్సుకొని, తాళం ఏసుకొని పోయిన్రు. మళ్ల వస్తం అనుకుంట ఏసిన తాళాలు. నేను సాయంత్రం గా గల్లీలల్ల తిరిగి తాళాలు సూసేది."

"మిల్లు మళ్లీ తెరిచారు కదన్నా."

"తెరిచిన్రు. మంచిదాయె. గీడ గూడ మళ్ల మంది వచ్చిన్రు గద, గొంతు కాడ. కని తాళం ఏసిపోయినోళ్లు వాళ్లు గాదు."

అని లేచి, అలవాటుగా అరచేతిని ఛాతీకి ఆనించుకున్నాడు. ఏదో నొప్పి ఉందేమో అనిపించేలా ఉండేది ఆ పని. తర్వాత నిజంగానే ఆ నొప్పితోనే పోయాడు. అందులో అర్థాలు వెతకను. వెతికేవాళ్లను తిట్టే పని నాది. గుండెజబ్బు గుండెజబ్బే.

ఇక మా ఇద్దరి తగాదా. దాన్ని దాచి మంచి మాటలు మాత్రమే రాస్తే ఆయన్ని రాసినట్టు కాదు.

వాళ్ల బాపు మన్ను తోలే రోజుల్లో సున్నపురాయి పలక ఒకటి బయటపడింది. దాని మీద సగం విరిగిన తామరపువ్వు చెక్కి ఉంది. ఆయన దాన్ని ఇంటి అరుగు మీద పెట్టాడు. ఊళ్లో కొందరు అది అమ్మవారి పీఠమని, గుడి కట్టాలని మొదలుపెట్టారు. ఈ నేలంతా అనాదిగా తమ ధర్మానిదే, నడుమ వచ్చినవాళ్లంతా దొంగలే అని ఉపన్యాసాలిచ్చే బాపతు ఒకటి వాళ్లకు తోడైంది. నాకు ఒళ్లు మండింది. మా హేతువాద మిత్రులం కరీంనగర్‌లో సభ పెట్టాం. అది బౌద్ధ స్తూపపు పలక అని నాకు అనుమానం లేదు. ఈ జిల్లాల్లో అలాంటివి దొరికాయి, ఎవరైనా వెళ్లి చూడవచ్చు. ఆ మాట ఆయన నోటితో చెప్పిస్తే చాలనుకున్నాను. భూమి ఆయనది, రాయి ఆయనది, చదువు ఆయనది.

ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుని అన్నాడు:

"గీ రాయి మా బాపు ట్రాక్టర్ల ఏసేటప్పుడు దొరికింది. ఏ పొరలకెల్లి వచ్చిందో ఎవ్వలు సూడలే. మన్నుల ఉన్నంతసేపు రాయి మాట్లాడుతది. బయటికి తీసినంక మనమే మాట్లాడుతం. బౌద్ధం కావచ్చు. నాకు గట్లనే అనిపిస్తది. కని అనిపించుడు వేరు, తెలుసుడు వేరు."

అంతే. వచ్చి కూర్చున్నాడు. సభలో చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

మర్నాటికి ఫోన్లలో తిరిగింది: హేతువాదుల సభలోనే బౌద్ధం కాదని చరిత్ర సారు తేల్చేశాడట. నేను ఆయన్ని బస్టాండు దగ్గర చాయ్ హోటల్‌కు పిలిచి ఫోను చూపించాను. చదివి ఆయన ముఖం పాలిపోయింది.

"నేను గట్ల అనలే గద తమ్మీ. పరేషాన్ అయితుంది నాకు. నేను అననిది నా నోట్లె పెట్టిన్రు."

"నువ్వు అనాల్సింది అనలేదు కాబట్టే పెట్టారు. ఖాళీ వదిలావు, వాళ్లు నింపుకున్నారు. వాళ్లు అబద్ధాన్ని వంద గొంతులతో చెప్తుంటే, నువ్వు నిజాన్ని కావచ్చు, అనిపిస్తది అని నసుగుతావు. ఎవరికి లాభం?"

"మరి తెల్వంది తెలుసని చెప్పాల్నా?"

"తెలిసినంత గట్టిగా చెప్పాలి."

చాయ్ సాసర్లో పోసుకున్నాడు. తాగలేదు. సాసర్ పక్కకు జరిపి అన్నాడు: "వాళ్లు రాయికి పసుపు పూస్తరు. నువ్వు గా పసుపు కడిగి నీ రంగు పూస్తనంటున్నవు. నీ రంగు మంచిదే కావచ్చు. రాయి మాత్రం మళ్ల కనబడదు. కొత్త రాజు పాత రాజు గోడ కూలగొట్టడు తమ్మీ, కూలీ దండుగ. దాని మీదికెల్లే సున్నం ఏస్తడు."

నన్ను వాళ్లతో జత కట్టినందుకు నేను చాయ్ వదిలేసి లేచి వచ్చాను. ఇప్పటికీ ఆయన తప్పనే అంటాను. అబద్ధం చెప్పేవాడూ, తొందరపడి నిజం చెప్పేవాడూ ఒకటి కాదు. అందరినీ ఒకే తూకం వేసే పెద్దమనిషితనం బలవంతుడికే పనికొస్తుంది. ఈ వాదన మేం తర్వాత పదే పదే చేసుకున్నాం. ఆయన దిమ్మె ముందు నిలబడి, నేను గట్టు మీద కూర్చుని. ఓడింది ఎవరో తేలలేదు. ఆ పలకను మాత్రం ఆయన గుడికీ ఇవ్వలేదు, మాకూ ఇవ్వలేదు. అరుగు మీద నుంచి తీసుకెళ్లి దిమ్మె పక్కనే గుంట తవ్వి పూడ్చేశాడు. "దొరికిన కాడనే ఉండనీ" అన్నాడు.

పోయిన ఏడు వానకాలానికి ముందు ఆయన పోయాడు. కర్మలకూ పిండాలకూ నేను వెళ్లను. పెద్దకర్మ రోజు అన్నీ ముగిశాక వెళ్లాను కానీ ఇంటికి కాదు, నేరుగా చేనుకు వెళ్లాను. రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆయన ఫోటో వెనుక ఒక కోట. రాజస్థాన్ కోట, ఇంటర్నెట్‌లో దొరికినట్టుంది. పైన కిరీటం, రెండు వైపులా సింహాలు. కింద 'శాతవాహన వారసునికి జోహార్లు' అని ఉంది. మక్కగారెల వారసుడని ఆయన వేసిన జోకు ఊరికి నిజంగానే నచ్చినట్టుంది. నచ్చి, కిరీటం పెట్టింది.

చేనులోకి దిగేసరికి దిమ్మె కనిపించలేదు. అదే చోట సిమెంటు స్తంభం నిలబడి ఉంది.

మేస్త్రి దిమ్మెకు ఇనుప కోళ్లజాలి చుట్టి మూడు వైపులా పూత పూసేశాడు. నాలుగో వైపుకు సిమెంటు మాలు కలుపుతున్నాడు. ఆ ఒక్క వైపు మట్టి ఇంకా బయటికే ఉంది, ఎండి, ఒకటే రంగులో. తమ్ముడు పక్కన నిలబడి పని చూస్తున్నాడు. ఫ్లెక్సీ కట్టిన కుర్రాళ్లు కూడా ఉన్నారు. వదినె గట్టు మీద కూర్చుంది.

"ఆపండి" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, మేస్త్రి తాపీ కింద పెట్టాడు.

"ఏమైంది సార్?" అన్నాడు తమ్ముడు. "అన్న కోసమే గద చేస్తున్న. వానకు కరుగుతదని అన్న ఎప్పుడు రంది పడేటోడు. ఇగ ఏ వాన ఏం చేస్తది? నేను మస్కట్ల ఇసొంటి పనులు మస్తు చేసిన. నూరేండ్లు ఫికర్ లేదు."

"ఇదేం గోడ కాదు. చదువుకునేది. పుస్తకం లాంటిది."

"పుస్తకానికి అట్ట ఎయ్యమా సార్?"

అతని ముఖంలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. అట్ట తిప్పితే పుస్తకం తెరుచుకుంటుందనీ, ఇది తెరుచుకోదనీ చెప్పబోయాను. అప్పుడు వదినె నన్ను పిలిచింది.

"తమ్మీ, ఒక్కటి చెప్పు. మొగులు కమ్ముకొస్తుంది. రేపో ఎల్లుండో వాన. ఎవరు కప్పుతరు?"

"మా సంఘం తరఫున ఏదైనా రేకుల షెడ్డు…"

"సంఘం గాదు. వానొచ్చినప్పుడు ఎవరు ఉరుకుతరు? నాకు మోకాళ్లు పోయినయి. నేను కొడుకు కాడికి జగిత్యాల పోతున్న. నువ్వు కరీంనగర్ల ఉంటవు. మొగులైనప్పుడల్ల బస్సెక్కి వస్తవా?"

నేను ఎన్నో సభల్లో, ఎందరు పండితులతోనో వాదించాను. వస్తానని అబద్ధం చెప్పలేకపోయాను. కప్పకపోతే రెండు వానలకు కరిగి మడవ కాలువలోకి జారిపోతుంది. కప్పితే ఉంటుంది, కానీ ఎవరికీ కనిపించదు. ఆమెకు ఈ రెండూ తెలుసు. నాకంటే ముందే తెలుసు.

"మరి కానియ్యి మేస్త్రీ" అంది. అని ముఖం అటు తిప్పుకుంది.

నేనొక్కటే అడిగాను. పూత పూసేముందు నీళ్లు చల్లమన్నాను. మేస్త్రికి ఎలాగూ చల్లాల్సిందే, పూత పట్టాలంటే మట్టి తడవాలి. మగ్గుతో ఒక్కసారి విసిరాడు. పొరలన్నీ లేచాయి. నలుపు, ఎరుపు, ఇటుక వరుస, దాని మీద వెలిసిపోయినట్టున్న ఆ ఖాళీ, ఆ పైన సన్నటి గీత. కుర్రాళ్లలో ఒకడు "అబ్బ" అన్నాడు. అందరం చూస్తూ ఉండగానే తాపీ వాటి మీదుగా నడిచింది.

పచ్చి సిమెంటు మీద ఏదైనా రాయాలన్నారు. "శాతవాహన సామ్రాజ్య విజయ స్తంభం అని రాయాలె" అన్నాడొక కుర్రాడు. "ఏం గెలిచిన్రురా గీడ?" అన్నాడు ఇంకొకడు. తమ్ముడు నా వైపు తిరిగి, "రాసేటోనివి నువ్వే ఉన్నవు గద సార్. మంచిగ రాయి" అని మేకు చేతిలో పెట్టాడు.

సాధారణంగా ఇలాంటిచోట నాకు మాటల కొదవ ఉండదు. బౌద్ధం అని రాయొచ్చు. నా చేతిలో మేకు ఉంది, ముందు పచ్చి సిమెంటు ఉంది, అడ్డం చెప్పేవాడు లేడు. చివరికి ఇంతే రాశాను: 'లోపల మట్టి ఉంది. తీసి చూడండి.'

"అన్న పేరు?" అన్నాడు తమ్ముడు.

"పేరొద్దు" అంది వదినె గట్టు మీద నుంచి. "పేరు రాస్తే గదొక్కటే చదివి పోతరు."

అందుకే ఇక్కడ కూడా ఆయన పేరు రాయడం లేదు.

మొన్న బస్సు దిగి ఆ చేనుకు వెళ్లాను. చెలకలో పత్తి మోకాళ్ల దాకా ఎదిగింది. నడుమ స్తంభం నిలబడి ఉంది. తమ్ముడు చెప్పినట్టే ఎక్కడా పగుళ్లు లేవు. నేను రాసిన వైపు పసుపు పూసి ఉంది. అక్షరాల గీతల్లో పసుపు నిండి ఎండింది. కింద కొబ్బరిచిప్పలు. గట్టు మీద నుంచి కూడా నా రాత చదవొచ్చు, అంత స్పష్టంగా ఉంది.

పసుపు తుడవాలని రుమాలు తీశాను. తుడిస్తే అక్షరాలు దూరానికి కనిపించకుండా పోతాయి. రుమాలు మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

పక్క చేనులో పత్తికి మందు కొడుతున్న ఒక ఆడమనిషి గట్టు మీదికి వచ్చి పంపు దించింది. ఆ ఊరికి కోడలుగా వచ్చి ఎన్నాళ్లో కాలేదట, సారును చూడలేదట.

"సారూ, దీని మీద ఏమో రాసి ఉన్నది గద, లోపల మట్టి ఉన్నది, తీసి సూడుమని. తీస్తే ఏం కనబడ్తది?"

"తీస్తే…" అన్నాను.

స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాను. సిమెంటు వేడిగా ఉంది.

"పాదాల దగ్గర ఏమీ ఉండదమ్మా, మొరం. మోకాలు దాకా నలుపు ఎరుపు కుండలు చేసినవాళ్లు. అక్కడ నుంచి బొడ్డు మీది దాకా శాతవాహనులు…"

ఆమె శ్రద్ధగా నా చేతినే చూస్తోంది. నేను అరచేతిని ఛాతీ మీదికి జరిపాను. ఆయన నాకంటే చాలా పొట్టి. ఆయన బొడ్డు నా బొడ్డు దగ్గర ఉండదు. ఆయన మోకాలు నా మోకాలు కాదు. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చుని విన్నాను, చూశాను. ఎప్పుడూ ఆయన ముఖాన్నే చూశాను, ఎప్పుడు నా మాటకు ఒప్పుకుంటాడా అని. ఆ చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగేదో నాకు తెలియదు.

"ఇక్కడి నుంచి…" అన్నాను.

"ఏడికెల్లి సారూ?" అంది ఆమె ఇంకాస్త దగ్గరికి వచ్చి. "ఏడి దాక?"

"తెల్వదు" అన్నాను.